బ్రూనో రోసీ

బ్రూనో బెనెడెట్టో రోసీ (ఏప్రిల్ 13, 1905 - నవంబర్ 21, 1993) ఇటలీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ ప్రయోగ భౌతిక శాస్త్రవేత్త. విశ్వకిరణాల పరిశోధనకు పునాదులు వేసినవారిలో ఈయన ఒకడు. ఒక సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో సగటున రెండు భాగాలకు కొద్దిగా మించిన కాలం మాత్రమే మనగలిగే మ్యూయాన్ అనే కణం జీవితకాలాన్ని ఖచ్చితంగా కొలిచిన ఘనత ఈయనది. వేగంగా ప్రయాణించే కణానికి కాలం నెమ్మదిగా గడుస్తుందని ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చెప్పిన విషయానికి ఈయన ప్రయోగాలు తొలి నిదర్శనాలలో ఒకటిగా నిలిచాయి. అనంతర కాలంలో ఎక్స్-కిరణ ఖగోళ శాస్త్రానికీ, అంతరిక్ష ప్లాస్మా భౌతిక శాస్త్రానికీ ఆద్యులలో ఒకడయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రోసీ ఇటలీలోని వెనిస్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి రినో రోసీ విద్యుత్ ఇంజనీరు. వెనిస్ నగరానికి విద్యుత్ సౌకర్యం కల్పించే పనుల్లో ఆయన పాల్గొన్నాడు. తల్లి లీనా మినెర్బి. ముగ్గురు కుమారులలో బ్రూనో పెద్దవాడు. పద్నాలుగేళ్ళ వయసు వరకు ఇంటివద్దనే ఉపాధ్యాయుల చేత చదువు చెప్పించుకొని, ఆ తరువాత వెనిస్‌లో పాఠశాల విద్య పూర్తి చేశాడు. పాదువా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ప్రారంభించి, 1927లో బొలోన్యా విశ్వవిద్యాలయం నుండి భౌతిక శాస్త్రంలో పట్టా పొందాడు.

ఆర్చెట్రిలో పరిశోధన

1928లో రోసీ ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో సహాయకుడిగా చేరాడు. అక్కడి భౌతిక శాస్త్ర విభాగం నగరానికి ఆవల ఆర్చెట్రి అనే కొండ మీద ఉండేది. గెలీలియో తన చివరి సంవత్సరాలను గృహనిర్బంధంలో గడిపినది ఈ ఆర్చెట్రిలోనే. ప్రయోగశాలకు నిధులు అంతంత మాత్రం. అయినప్పటికీ ఉత్సాహవంతులైన యువ శాస్త్రవేత్తలు అక్కడ చేరారు.

1929లో జర్మన్ శాస్త్రవేత్తలు వాల్టర్ బోతే, వెర్నర్ కోల్‌హోర్‌స్టర్ విశ్వకిరణాలపై ఒక పత్రం ప్రచురించారు. అంతరిక్షం నుండి భూమి మీదికి నిరంతరం వచ్చిపడే ఈ కిరణాలు కాంతి వంటివని అప్పటివరకు ఎక్కువమంది భావించేవారు. అవి విద్యుదావేశం కలిగిన కణాలు అయివుండవచ్చునని ఆ పత్రం సూచించింది. దానిని చదివిన రోసీ తన పరిశోధనా మార్గాన్ని నిర్ణయించుకున్నాడు.

సమకాలిక వలయం

విశ్వకిరణ కణాలు కంటికి కనిపించవు. గైగర్-ముల్లర్ గణకం అనే గొట్టం గుండా ఒక కణం దూసుకుపోయినపుడు ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. అయితే ఆ స్పందన విశ్వకిరణం వల్ల కలిగిందో, సమీపంలోని రాళ్ళలోని రేడియోధార్మికత వల్ల కలిగిందో చెప్పలేము. ఒకదాని క్రింద ఒకటిగా అమర్చిన గణకాలన్నీ ఒకే సమయంలో స్పందిస్తే, ఒకే కణం వాటన్నింటి గుండా ప్రయాణించిందని గ్రహించవచ్చును.

ఇలాంటి ఏకకాల స్పందనలను మాత్రమే ఎంచి నమోదు చేసే ఎలక్ట్రానిక్ వలయాన్ని రోసీ వాక్యూమ్ ట్యూబులతో రూపొందించి, 1930లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. బోతే తయారుచేసిన వలయం రెండు గణకాలకు మాత్రమే పరిమితం కాగా, రోసీ వలయానికి ఎన్ని గణకాలనైనా కలపవచ్చును. అన్ని ద్వారాలకూ సంకేతం అందినపుడు మాత్రమే ఫలితాన్నిచ్చే ఈ వలయం, నేటి కంప్యూటర్లలోని 'అండ్ గేట్' అనే తార్కిక ద్వారానికి తొలి ఎలక్ట్రానిక్ రూపాలలో ఒకటి.

ఈ వలయంతో రోసీ పలు ముఖ్యమైన ఫలితాలు సాధించాడు. విశ్వకిరణ కణాలలో కొన్ని ఒక మీటరు మందం గల సీసాన్ని సైతం చీల్చుకొని పోగలవని నిరూపించాడు. సీసపు పలక క్రింద కణాలు జల్లులుగా పుడతాయని గమనించాడు. పలక మందం పెరిగేకొద్దీ మొదట ఈ జల్లులు పెరిగి, ఒక హద్దు దాటిన తరువాత తగ్గుతాయి. ఈ మార్పును చూపే రేఖను 'రోసీ వక్రం' అంటారు. ఈ ఫలితం ఎంత వింతగా తోచిందంటే, ఒక పత్రిక దానిని ప్రచురించడానికి నిరాకరించింది. హైసెన్‌బర్గ్ హామీ ఇచ్చిన తరువాత మరొక పత్రికలో అది వెలువడింది.

1931లో రోమ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ఫెర్మీ ఆహ్వానం మేరకు రోసీ ప్రసంగించాడు. విశ్వకిరణాలు కాంతి వంటివేనని గట్టిగా వాదించే నోబెల్ పురస్కార గ్రహీత రాబర్ట్ మిలికన్ సభలోనే ఉన్నాడు. ఇరవయ్యారేళ్ళ రోసీ ఆ వాదనలోని లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. మిలికన్‌కు ఇది రుచించలేదు. అదే సభలో ఉన్న ఆర్థర్ కాంప్టన్ మాత్రం ఈ ప్రసంగం విన్న తరువాత విశ్వకిరణాల వైపు మళ్ళాడు. ఎనిమిదేళ్ళ తరువాత రోసీకి ఆశ్రయమిచ్చినది కూడా ఈ కాంప్టనే.

ఎరిత్రియా యాత్ర

విశ్వకిరణాలు ఆవేశం గల కణాలైతే భూమి అయస్కాంత క్షేత్రం వాటిని వంచాలి. అప్పుడు తూర్పు దిక్కు నుండి వచ్చే కణాల సంఖ్యకూ, పడమటి నుండి వచ్చే కణాల సంఖ్యకూ తేడా ఉండాలి. ఈ విషయాన్ని రోసీ 1930లోనే ఊహించాడు. ఈ తేడా భూమధ్యరేఖకు దగ్గరగా, ఎత్తైన ప్రదేశాలలో బాగా కనిపిస్తుంది. అందువల్ల 1933లో సెర్జియో దె బెనెడెట్టితో కలిసి ఆఫ్రికాలోని ఎరిత్రియాకు వెళ్ళి, సముద్రమట్టానికి సుమారు 2,370 మీటర్ల ఎత్తున ఉన్న అస్మరాలో కొలతలు తీసుకున్నాడు. పడమటి నుండి ఎక్కువ కణాలు వస్తున్నట్లు తేలింది. అంటే వాటిలో అధిక భాగం ధనావేశం కలవి. అయితే ఈలోగా మెక్సికో నగరంలో కొలతలు జరిపిన అమెరికన్ శాస్త్రవేత్తలు ఇదే ఫలితాన్ని ముందుగా ప్రకటించారు. తాను మూడేళ్ళ క్రితమే సూచించిన విషయంలో ప్రథమ స్థానం దక్కకపోవడం రోసీకి నిరాశ కలిగించింది.

అదే యాత్రలో, దూరదూరంగా ఉంచిన గణకాలు కూడా అప్పుడప్పుడు ఒకేసారి స్పందించడం ఆయన గమనించాడు. వాతావరణంలో విస్తారమైన కణ వర్షాలు కురుస్తాయనడానికి ఇది తొలి సూచన. 1938లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ ఓజే ఈ విషయాన్ని విపులంగా పరిశోధించాడు.

పదవీచ్యుతి, ప్రవాసం

1932లో రోసీ పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. అక్కడ నూతన భౌతిక శాస్త్ర భవనం రూపకల్పన, నిర్మాణ పర్యవేక్షణ బాధ్యతలు ఆయనకు అప్పగించారు. పరిశోధనకు కేటాయించవలసిన సంవత్సరాలలో అధిక భాగం ఈ పనికే ఖర్చయ్యాయి. 1938 ఏప్రిల్‌లో నోరా లొంబ్రోసోను వివాహం చేసుకున్నాడు.

భవనం సిద్ధమై ఎంతో కాలం గడవకముందే, 1938 సెప్టెంబరులో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలను ప్రవేశపెట్టింది. వాటి ప్రకారం యూదులు విద్యాసంస్థలలో పనిచేయరాదు. తాను దగ్గరుండి కట్టించిన ప్రయోగశాలలోనే రోసీకి స్థానం లేకుండా పోయింది. ఆ ఏడాది అక్టోబరులో దంపతులిద్దరూ ఇటలీని విడిచిపెట్టారు. కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్ వారిని ఆదరించాడు. అక్కడి నుండి ఇంగ్లాండులోని మాంచెస్టర్ చేరుకొని, పాట్రిక్ బ్లాకెట్ ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. 1939 జూన్‌లో కాంప్టన్ సహాయంతో అమెరికాలోని షికాగో చేరుకున్నాడు.

మీసోట్రాన్ సమస్య

అప్పటికి భౌతిక శాస్త్రంలో ఒక చిక్కు సమస్య నలుగుతూ ఉంది. 1936-37లో విశ్వకిరణాలలో ఎలక్ట్రాన్ కంటే సుమారు 200 రెట్లు బరువైన కొత్త కణం కనుగొనబడింది. దానిని ఆ రోజులలో మీసోట్రాన్ అనేవారు. ఇప్పటి పేరు మ్యూయాన్. 1935లో జపాన్ శాస్త్రవేత్త హిదెకి యుకావా ఊహించిన కణం ఇదేనని అందరూ భావించారు. యుకావా కణం అస్థిరమైనది కాబట్టి మీసోట్రాన్ కూడా కొద్ది కాలంలోనే క్షయమై ఎలక్ట్రాన్‌గా మారాలి.

దీనికి పరోక్షమైన ఆధారం ఒకటి ఉండేది. మీసోట్రాన్‌లను ఘన పదార్థం ఆపగలిగిన దానికంటే, అంతే బరువు గల గాలి ఎక్కువగా ఆపుతున్నట్లు కనిపించేది. పలుచని గాలికి ఇంత శక్తి ఎక్కడిది? దీనికి సమాధానం ఇలా ఊహించారు. ఘన పదార్థాన్ని కణం క్షణంలో దాటిపోతుంది. అంతే బరువు గల గాలి కిలోమీటర్ల కొద్దీ పరచుకొని ఉంటుంది. ఆ దూరం ప్రయాణించేలోగా కొన్ని కణాలు దారిలోనే క్షయమైపోతాయి. ఊహ బాగానే ఉంది కాని, నిర్ధారించే కొలత లేదు.

మౌంట్ ఎవాన్స్ ప్రయోగం

షికాగోకు వచ్చిన కొద్ది వారాలకే రోసీ ఈ పనికి పూనుకున్నాడు. పరికరాలను హడావిడిగా సమకూర్చి, ఒక పాత బస్సులోకి ఎక్కించి, నార్మన్ హిల్‌బెరీ, బార్టన్ హోగ్‌లతో కలిసి 1939 వేసవిలో కొలరాడో పర్వతాలకు ప్రయాణమయ్యాడు. దాదాపు 4,300 మీటర్ల ఎత్తు గల మౌంట్ ఎవాన్స్ శిఖరం, 3,240 మీటర్ల ఎత్తున ఉన్న ఎకో లేక్, 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నగరం, చివరకు షికాగోలలో కణాలను లెక్కించారు. 2023లో ఈ శిఖరం పేరును మౌంట్ బ్లూ స్కైగా మార్చారు.

ప్రయోగ విధానం సరళమైనది. ఎత్తైన చోట గణకాలపైన బొగ్గుపలకలు ఉంచి ఒకసారి, వాటిని తీసివేసి ఒకసారి కణాలను లెక్కించారు. బొగ్గు అంటే కర్బనం. దాని పరమాణువులు గాలిలోని నత్రజని, ఆమ్లజని పరమాణువులకు దగ్గరి పోలిక కలవి కనుక దీనిని ఎన్నుకున్నారు. కర్బనం ఎన్ని కణాలను తగ్గిస్తున్నదో, అంతే బరువు గల గాలి పొర ఎన్నింటిని తగ్గిస్తున్నదో పోల్చి చూశారు. గాలిలోనే నష్టం ఎక్కువని స్పష్టంగా తేలింది. ఈ అదనపు నష్టానికి కారణం దారిలో జరిగే క్షయమే. దీనినుండి మీసోట్రాన్ సగటు జీవితకాలం సుమారు రెండు మైక్రోసెకండ్లు అని లెక్కకట్టారు. ఒక మైక్రోసెకండు అంటే సెకనులో పది లక్షవ వంతు.

కాలవ్యాకోచానికి నిదర్శనం

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. రెండు మైక్రోసెకండ్ల కాలంలో కాంతి సైతం 600 మీటర్లకు మించి ప్రయాణించలేదు. మ్యూయాన్‌లు పుట్టేది భూమికి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తున. మరి అవి నేల వరకు ఎలా చేరుతున్నాయి? ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం, కాంతివేగానికి సమీపమైన వేగంతో పోయే కణం యొక్క గడియారం మన దృష్టిలో నెమ్మదిగా నడుస్తుంది. అందువల్ల దాని ఆయుర్దాయం మనకు అనేక రెట్లు పెరిగినట్లు కనిపిస్తుంది. దీనినే కాలవ్యాకోచం అంటారు. మీసాన్ క్షయంలో ఈ ప్రభావం కనిపించవలసి ఉంటుందని భారతీయ శాస్త్రవేత్త హోమీ జహంగీర్ భాభా 1938లోనే సూచించాడు.

1940లో రోసీ కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ డేవిడ్ హాల్‌తో కలిసి ఈ విషయాన్ని పరీక్షించాడు. ఎకో లేక్, డెన్వర్‌లలో మీసోట్రాన్‌లను, అవి ఎంత మందం సీసాన్ని దాటగలవు అన్నదానిని బట్టి తక్కువ వేగం కలవి, ఎక్కువ వేగం కలవి అని రెండు వర్గాలుగా విడదీశారు. నెమ్మదిగా పోయే కణాలు, వేగంగా పోయేవాటికంటే ఇంచుమించు మూడు రెట్లు త్వరగా క్షయమవుతున్నట్లు తేలింది. వేగం పెరిగేకొద్దీ ఆయుర్దాయం పెరగడం సాపేక్షతా సిద్ధాంతానికి అనుగుణంగా ఉంది. ఈ ఫలితాలు 1941లో ప్రచురితమయ్యాయి. కాలవ్యాకోచం ఊహ మాత్రమే కాదనీ, ప్రకృతిలో నిజంగా జరుగుతున్నదనీ ఈ ప్రయోగం చూపింది.

జీవితకాలాన్ని నేరుగా కొలవడం

పర్వతాల మీద జరిగినవి పరోక్షమైన కొలతలు. వాటి నుండి జీవితకాలం రాబట్టాలంటే కణం ద్రవ్యరాశి, శక్తి ముందుగా తెలిసివుండాలి. నిలిచిపోయిన కణం ఎంతసేపటికి క్షయమవుతుందో నేరుగా చూస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఇటలీ నుండి కెనడా వెళ్ళిన ఫ్రాంకో రసెట్టి 1941లో ఇలాంటి కొలత చేశాడు కాని, అందులో అనిశ్చితి ఎక్కువగా ఉండేది.

రోసీ, ఆయన విద్యార్థి నోరిస్ నెరెసన్ కలిసి ఇందుకు ఒక కొత్త పరికరం నిర్మించారు. మీసోట్రాన్ ఒక లోహపు పలకలోకి వచ్చి ఆగినపుడు మొదటి స్పందన కలుగుతుంది. అది క్షయమై ఎలక్ట్రాన్ బయటికి వచ్చినపుడు రెండవ స్పందన కలుగుతుంది. ఈ రెండింటి నడుమ గల వ్యవధి ఎంత ఎక్కువైతే అంత పెద్ద విద్యుత్ స్పందనను ఇచ్చేలా రోసీ వలయాన్ని రూపొందించాడు. అంటే కాలాన్ని కొలవడం అనే కష్టమైన పని, స్పందన ఎత్తును కొలవడం అనే సులభమైన పనిగా మారింది. కణభౌతిక ప్రయోగశాలలలో ఈ పద్ధతి ఆ తరువాత సర్వసాధారణమయింది.

కణాలన్నీ ఒకే వయసులో మరణించవు. కొన్ని వెంటనే, కొన్ని ఆలస్యంగా క్షయమవుతాయి. ఏ కణం ఎప్పుడు పోతుందో చెప్పలేము. అయితే వేలాది కణాలను గమనించి రేఖాపటం గీస్తే, రేడియోధార్మిక పదార్థాల క్షయంలో కనిపించే వక్రమే వస్తుంది. ఒక సగటు జీవితకాలం గడిచేసరికి నూటికి సుమారు 37 కణాలు మిగులుతాయి. రోసీ, నెరెసన్ ఈ వక్రాన్ని గీసి, 1943లో మీసోట్రాన్ సగటు జీవితకాలం 2.15 మైక్రోసెకండ్లు అని, ఇందులో తేడా 0.07 మైక్రోసెకండ్లకు మించదని ప్రకటించారు. నేడు ఆమోదింపబడిన విలువ 2.197 మైక్రోసెకండ్లు. ప్రకటించిన తేడా పరిధిలోనే నేటి విలువ కూడా ఉండటం విశేషం. ఈ పని జరుగుతున్న కాలంలో అమెరికా, ఇటలీ పరస్పరం యుద్ధంలో ఉన్నాయి. స్వదేశం నుండి వెళ్ళగొట్టబడిన రోసీ, ఆశ్రయమిచ్చిన దేశంలో కొంతకాలం శత్రుదేశ పౌరుడి హోదాలో ఉండవలసి వచ్చింది.

లాస్ అలమోస్

1943లో రోసీ అణ్వాయుధ నిర్మాణం కొరకు ఏర్పడిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో చేరాడు. హాన్స్ స్టౌబ్‌తో కలిసి కణ శోధకాలను తయారుచేసే బృందానికి నాయకత్వం వహించాడు. బాంబు లోపలి గోళం అన్ని వైపుల నుండి సమానంగా కుదించుకుపోతున్నదా లేదా అని రేడియోధార్మిక లాంథనం సహాయంతో పరీక్షించే ప్రయోగాలలో కీలక పాత్ర పోషించాడు. 1945 జూలై 16న జరిగిన ట్రినిటీ పరీక్షలో విస్ఫోటన ప్రక్రియ పెరిగిన వేగాన్ని కొలిచాడు. మీసోట్రాన్ కోసం అలవరచుకున్న సూక్ష్మ కాల మాపన నైపుణ్యమే ఇక్కడ మరొక ప్రయోజనానికి వినియోగపడింది. జర్మనీ ముందుగా బాంబు తయారుచేస్తుందేమోనన్న భయంతో ఈ పనికి అంగీకరించిన రోసీ, హిరోషిమా, నాగసాకి వినాశనం తరువాత తీవ్రమైన మనస్తాపానికి గురయ్యాడు.

ఎం.ఐ.టి.లో పరిశోధన

1946లో రోసీ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడిగా చేరి, విశ్వకిరణ పరిశోధనా బృందాన్ని ఏర్పాటు చేశాడు. మీసోట్రాన్ కథ ఈలోగా మరో మలుపు తిరిగింది. రోమ్ నగరంలో మార్సెల్లో కన్వెర్సి, ఎట్టోరె పంచీని, ఒరెస్టె పిచ్చియోని జరిపిన ప్రయోగాలు ఈ కణం యుకావా ఊహించినది కాదని 1947లో తేల్చాయి. అదే సంవత్సరం సెసిల్ పావెల్ బృందం అసలైన యుకావా కణాన్ని, అంటే పయాన్‌ను కనుగొన్నది. పయాన్ క్షయమై మ్యూయాన్‌గా మారుతుందని తెలిసింది. కణం ఏదో తెలియకముందే దాని ఆయుర్దాయాన్ని సరిగా కొలవగలగడం రోసీ పద్ధతుల గొప్పతనం.

రోసీ బృందం పలు పలకలు అమర్చిన మేఘపేటికలతో, అప్పుడే బయటపడుతున్న ఇతర స్వల్పాయువు కణాలను కూడా పరిశీలించింది. 1952లో ఆయన ప్రచురించిన 'హై-ఎనర్జీ పార్టికల్స్' గ్రంథం ఆ రంగంలో ప్రామాణిక గ్రంథంగా పేరుగాంచింది. విస్తారమైన కణ వర్షాల అధ్యయనంలోనూ ఈ బృందం కృషి చేసింది.

అంతరిక్ష పరిశోధన

1950 దశకంలో శక్తివంతమైన కణ త్వరణ యంత్రాలు రావడంతో, కొత్త కణాల అన్వేషణ విశ్వకిరణాల నుండి యంత్రాల వైపు మళ్ళింది. రోసీ తన దృష్టిని అంతరిక్షం వైపు మరల్చాడు. 1961 మార్చిలో ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్-10 ఉపగ్రహంలో ఆయన బృందం నిర్మించిన ప్లాస్మా శోధకం ఉంది. రికార్డో జక్కోనీ తదితరులతో ఆయన ప్రోత్సహించిన రాకెట్ ప్రయోగం 1962 జూన్‌లో వృశ్చిక రాశిలో ఒక బలమైన ఎక్స్-కిరణ మూలాన్ని కనుగొన్నది. సౌరకుటుంబానికి వెలుపల కనుగొనబడిన తొలి ఎక్స్-కిరణ మూలం ఇదే. ఈ రంగంలో కృషికిగాను జక్కోనీకి 2002లో నోబెల్ పురస్కారం లభించింది.

పురస్కారాలు, చివరి దశ

రోసీకి 1983 సంవత్సరపు అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1987లో జక్కోనీ, హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్‌లతో కలిపి వుల్ఫ్ పురస్కారం ప్రదానం చేయబడ్డాయి. నోబెల్ పురస్కారం మాత్రం లభించలేదు. సమకాలిక స్పందనల పద్ధతికి 1954లో ఆ పురస్కారంలో భాగం బోతేకు దక్కింది. రోసీ దంపతులకు ముగ్గురు సంతానం. ఆయన ఆత్మకథ 1990లో ఆంగ్లంలో వెలువడింది. రోసీ 1993 నవంబర్ 21న అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో మరణించాడు. ఆయన అస్థికలు ఫ్లోరెన్స్‌లో, ఆర్చెట్రి కొండకు చేరువలోని సాన్ మినియాతో చర్చి వద్ద ఉంచబడ్డాయి.

ప్రభావం

1995 డిసెంబరులో ప్రయోగించిన ఎక్స్-కిరణ ఉపగ్రహానికి నాసా ఆయన పేరు పెట్టింది. ఎక్స్-కిరణ మూలాల వెలుగులో అతిస్వల్ప కాలంలో జరిగే మార్పులను కొలిచిన ఈ ఉపగ్రహం 2012 వరకు పనిచేసింది.

మ్యూయాన్ ప్రయోగం భౌతిక శాస్త్ర బోధనలో స్థిరపడిపోయింది. 1960 దశకం తొలినాళ్ళలో ఎం.ఐ.టి.కి చెందిన డేవిడ్ ఫ్రిష్, జేమ్స్ స్మిత్ దీనిని విద్యార్థుల కొరకు మళ్ళీ చేసి చూపారు. మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద గంటకు సుమారు 563 మ్యూయాన్‌లు నమోదయ్యాయి. కాలవ్యాకోచం లేకపోతే సముద్రమట్టానికి వచ్చేసరికి సుమారు 27 మాత్రమే మిగలాలి. లెక్కకు వచ్చినవి సుమారు 408. ఆ తరువాతి కాలంలో యూరప్‌లోని సెర్న్, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ సంస్థలలో మ్యూయాన్‌లను వలయాకార నిల్వ యంత్రాలలో తిప్పుతూ పరిశోధించారు. అక్కడి వేగంలో అవి 64 మైక్రోసెకండ్ల వరకు, అంటే తమ సహజ ఆయుర్దాయానికి సుమారు 29 రెట్ల కాలం జీవిస్తాయి. మ్యూయాన్ అయస్కాంత ధర్మాల సూక్ష్మ మాపనం సాధ్యమైనది ఈ పెరిగిన ఆయుర్దాయం వల్లనే.